బడిలో తోడు ఎవరు?

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే 65వ నెంబరు జాతీయ రహదారి మీద ముప్పై కిలోమీటర్లు కూడా సాగకముందే పరిటాల వస్తుంది. బస్సులో పోయేవారికి ఆ ఊరు రోడ్డు పక్కనున్న ఎత్తైన ఆంజనేయ విగ్రహం వల్ల గుర్తుంటుంది. చరిత్ర చదివినవారికి వజ్రాల వల్ల గుర్తుంటుంది. గోల్కొండ పాలకుల కాలంలో ఈ నేలను తవ్వి వజ్రాలు తీశారు. ఫ్రాన్సు రాజవంశం చేతికి చేరి, నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం ఈ కృష్ణాతీరపు గనులలోనిదేనని చెబుతారు. ఇప్పుడు ఇదే నేల నుంచి కంకర వస్తోంది. కొండలను పగులగొట్టే క్వారీలు, రాళ్ళను నలగగొట్టే క్రషర్లు, వాటి మధ్య రేకుల ఇళ్ళు. ఆ ఇళ్ళలోని పిల్లలు చదువుకునే సర్కారు బడుల సంగతి తెలుసుకోవాలని మేము ఈ మెట్ట ప్రాంతానికి వెళ్ళాము. పరిటాల, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట. నిన్నటి దాకా ఇది కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లా.

మేము చూసిన బడి పేరు గానీ, మాతో మాట్లాడిన తల్లి పేరు గానీ ఇక్కడ రాయము. ఇబ్బంది ఆ ఒక్క బడిది కాదు. ఆ ఒక్క బడిని వేలెత్తి చూపడం మా ఉద్దేశమూ కాదు.

బడి ఆవరణలో వేపచెట్టు కింద ఒక స్త్రీ కూర్చొని ఉంది. పక్కన అన్నం గిన్నె, నీళ్ళ సీసా, మడిచిన తువ్వాలు. వంట మనిషి కాబోలు అనుకున్నాము. కాదు. ఆమె కొడుకు మూడో తరగతి చదువుతున్నాడు. పుట్టుకతోనే మెదడుకు దెబ్బ తగిలి కాళ్ళు, కుడిచెయ్యి స్వాధీనంలో లేవు. వైద్యులు దానిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. పిల్లవాడి తెలివికి లోటేమీ లేదు. ఎక్కాలు పన్నెండు దాకా తడుముకోకుండా చెబుతాడని పంతులుగారే మాతో అన్నారు. అయితే వాడు మరుగుదొడ్డికి వెళ్ళాలంటే ఒకరు ఎత్తుకోవాలి. మధ్యాహ్నం అన్నం ఒకరు కలిపి పెట్టాలి. బల్ల మీద పక్కకు ఒరిగిపోతే ఒకరు సరిచేసి కూర్చోబెట్టాలి. ఆ ‘ఒకరు’ ఎవరన్నదే ఈ వ్యాసం.

“నేను పనికి పోతే వాణ్ణి దొడ్డికి ఎవరు తీసుకుపోతారండీ? పంతులుగారికి ముప్పైమంది పిల్లలు. ఆయన్ని అడగడానికి నాకే మొహం చెల్లదు” అన్నది ఆమె.

పత్తితీతల కాలంలో ఆమె వారానికి రెండు మూడు రోజులు కూలికి వెళుతుంది. ఆ రోజుల్లో పిల్లవాడు బడికి రాడు, లేదా వస్తాడు. వచ్చిన రోజున ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడు. ఎవరూ చెప్పలేదు, వాడే నేర్చుకున్నాడు. నీళ్ళు తాగకపోతే మరుగుదొడ్డి అవసరం రాదు. ఈ మాట విన్న తరువాత చాలాసేపు మాకు వేరే ప్రశ్న అడగాలనిపించలేదు.

ఆ బడిలో ర్యాంపు ఉంది. వాలు సరిగానే ఉంది, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీ కూడా ఉంది. ఇటీవలి సంవత్సరాలలో రాష్ట్రంలోని బడులకు రంగులు, గోడలు, నీటి వసతి, మరుగుదొడ్లు వచ్చాయి. ఆ పనిని తక్కువ చేయలేము. అయినా ర్యాంపు మీద చక్రాల కుర్చీని నెట్టడానికి ఒక చెయ్యి కావాలి. సిమెంటుకు మంజూరు దొరికింది, చెయ్యికి దొరకలేదు.

చట్టం ఏమంటున్నది? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అంతకుముందు 2011 జనగణన వైకల్యాన్ని ఎనిమిది రకాలుగా లెక్కించింది. ఈ చట్టం 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వ గుర్తింపు గానీ, ప్రభుత్వ నిధులు గానీ ఉన్న విద్యాసంస్థలన్నీ ఈ పిల్లలను ఇతర పిల్లలతో కలిపి చదివించాలనీ, ఒక్కొక్కరికి కావలసిన సహాయాన్ని వారి వారి అవసరాన్ని బట్టి అందించాలనీ 16వ సెక్షను చెబుతుంది. అదే సెక్షనులో ఇంకొక మాట ఉంది. అధిక సహాయం అవసరమైన పిల్లల విషయంలో పిల్లవాడికే కాక అతని వెంట వచ్చే సహాయకునికీ రవాణా వసతి కల్పించాలట. అంటే బడికి వచ్చే పిల్లవాడి పక్కన ఒక సహాయకుడు ఉంటాడని చట్టం ఊహించింది. ఆ సహాయకుణ్ణి ఎవరు నియమించాలి, ఎంతమంది పిల్లలకు ఒకరు, జీతం ఎక్కడి నుంచి రావాలి అన్నచోట మాత్రం గట్టి కొలత ఏదీ లేదు.

ఉపాధ్యాయుల విషయంలో కొలత వచ్చింది. 2021 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలు గల 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆ పై స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలని నిర్దేశించింది. 2025 మార్చిలో అదే న్యాయస్థానం, ఎన్ని పోస్టులు కావాలో నిర్ధారించి ప్రకటించండని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మరుసటి నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ పోస్టులను సృష్టించింది. దాదాపు సగం ప్రాథమిక స్థాయికి, మిగతా సగం ఉన్నత పాఠశాలలకు. ఇది సంతోషించవలసిన సంగతే. రాష్ట్రంలో సుమారు 680 మండలాలున్నాయి. పంచి చూస్తే మండలానికి ముగ్గురికి కాస్త ఎక్కువ. ఒక మండలంలోని అన్ని ఊళ్ళకూ, అన్ని బడులకూ ఆ ముగ్గురే.

మంచి ఉపాధ్యాయుడు వారానికి ఒకసారి వచ్చి లిపి నేర్పవచ్చు, నోటి కదలికలు నేర్పవచ్చు, తల్లికి సలహా చెప్పవచ్చు. మరుగుదొడ్డి అవసరం మాత్రం వారానికి ఒకసారి రాదు. ఉపాధ్యాయుడు వేరు, తోడు వేరు. మన లెక్కలలో మొదటి దానికి పద్దు ఉంది, రెండవ దానికి లేదు.

పూర్తిగా లేదనడం కూడా న్యాయం కాదు. మండలానికొక భవిత కేంద్రం ఉంది. సాధారణంగా మండల కేంద్రంలోని ఒక ప్రభుత్వ బడి ఆవరణలో ఒకటి రెండు గదుల్లో ఇది నడుస్తుంది. సహిత విద్యా రిసోర్స్ పర్సన్లు ఇద్దరుంటారు. ఫిజియోథెరపిస్టు నియమిత రోజుల్లో వస్తారు. కొన్నిచోట్ల ఒక ఆయా ఉంటారు. మంచం దిగలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి పాఠం చెప్పేదీ ఆ రిసోర్స్ పర్సన్లే. కాంట్రాక్టు జీతం మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఈ మనుషుల ఓపిక గురించి ఎవరూ పెద్దగా రాయరు. కనీసం మేమైనా ఇక్కడ రాస్తున్నాము. కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి పథకమైన సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలు గల ఒక్కొక్క విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల దాకా కేటాయింపు ఉంటుంది. బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు అదనపు స్టైపెండు ఉంటుంది. వెంట తీసుకువచ్చేవారికి ఎస్కార్టు భత్యం, ప్రయాణ భత్యం, చూపులేని పిల్లలకు పాఠం చదివి వినిపించేవారికి రీడరు భత్యం అని వేరువేరు పేర్లతో చిన్న మొత్తాలు ఉన్నాయి.

ఎస్కార్టు భత్యం ఉద్దేశం మంచిదే. ఆచరణలో అది తల్లి కూలిలో చిన్న ముక్క. పిల్లవాణ్ణి బడి గడప దాకా తెచ్చి దింపినందుకు ఇచ్చే డబ్బు అది. గడప లోపల ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉండే మనిషికి దానితో జీతం రాదు. ఆ తల్లి లోపల ఉంటున్నది కనుక బడికి సహాయకురాలు దొరికినట్లే అయింది, జీతం లేకుండా.

మేము తిరిగిన కొన్ని బడుల్లో మరొక సంగతి గమనించాము. మరుగుదొడ్లు శుభ్రం చేయడానికి నియమితురాలైన ఆయాయే అవసరం వచ్చినప్పుడు నడవలేని పిల్లలను ఎత్తుకుపోతున్నది. ఆమె ఉద్యోగపు ఉత్తర్వులో ఆ పని లేదు. నడుము పట్టేస్తే సెలవు జీతం లేదు. అడిగితే నవ్వి, “నా మనవడంత లేడండీ వాడు” అన్నది ఒకామె. రాష్ట్రంలో ఈ సేవ ఇంత మాత్రమైనా జరుగుతున్నదంటే ఇలాంటి స్త్రీల దయ వల్లనే. దయ ఉన్న బడిలో పిల్లవాడు నీళ్ళు తాగుతాడు. లేని బడిలో తాగడు.

ఇక సహాయం కేటాయించేటప్పుడు ఏ పిల్లలు లెక్కలోకి వస్తారు, ఏ పిల్లలు రారు? మా దృష్టిలో అసలు ముడి ఇక్కడే ఉంది. దీనిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

బడిలోని ప్రతి విద్యార్థి వివరం యూడైస్ ప్లస్ అనే జాతీయ వ్యవస్థలో నమోదవుతుంది. అందులో వైకల్యం ఉన్నదా, ఉంటే ఏ రకం అనే గడి ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడు ఆ గడి నింపితేనే పిల్లవాడు మండలం లెక్కలోకి, అక్కడి నుంచి జిల్లా వార్షిక ప్రణాళికలోకి, అక్కడి నుంచి నిధుల్లోకి వెళతాడు. భత్యాలు, ఉపకరణాలు రావాలంటే చాలా సందర్భాల్లో వైకల్య ధ్రువపత్రం అడుగుతారు. మన రాష్ట్రంలో దానిని అందరూ సదరం సర్టిఫికెట్ అంటారు. గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాటు తీసుకోవాలి, చెప్పిన రోజున చెప్పిన ఆసుపత్రికి పిల్లవాణ్ణి తీసుకువెళ్ళాలి. కనీసం 40 శాతం ఉంటేనే చట్టం చెప్పే ప్రధాన ప్రయోజనాలకు అర్హత.

కాళ్ళు కదలని పిల్లవాడి వైకల్యం కంటికి కనిపిస్తుంది. ఆటిజం, బుద్ధిమాంద్యం, అభ్యసన వైకల్యం ఉన్న పిల్లల సంగతి అలా కాదు. వారిని పరీక్షించడానికి మానసిక వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు కావాలి. అలాంటివారు పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతారు. క్వారీలో రోజుకూలి చేసే తండ్రి ఒక పని దినం వదులుకొని, కదురుగా కూర్చోని పిల్లవాణ్ణి రెండు బస్సులు మార్చి తీసుకుపోవాలి. ఆ రోజు నిపుణుడు రాకపోతే మళ్ళీ స్లాటు. పొరుగు రాష్ట్రం నుంచి పనికి వచ్చిన కుటుంబమైతే ఆధారు చిరునామా ఒకచోట, బడి ఒకచోట. మరోవైపు, విజయవాడలో డబ్బు పెట్టి ప్రైవేటు నిపుణునికి చూపించగలిగిన కుటుంబం పిల్లవాడికి అయిదేళ్ళు నిండేసరికే కాగితాలన్నీ సిద్ధం చేసుకుంటుంది.

ఫలితం ఊహించడం కష్టం కాదు. సహాయం కాగితం వెంట నడుస్తుంది. కాగితం డబ్బు వెంట నడుస్తుంది. అవసరం ఎక్కువగా ఉన్న బడి లెక్కల్లో ‘ప్రత్యేక అవసరాలు గల పిల్లలు తక్కువ’ అని కనిపిస్తుంది, కనుక దానికి కేటాయింపూ తక్కువే వస్తుంది. పేదల బడిలో ఇలాంటి పిల్లలు తక్కువ ఉండరు. గర్భిణికి పోషణ లోపం, పురిటి సమయంలో ఆలస్యం, పసికందుకు వచ్చిన జ్వరానికి సకాలంలో అందని వైద్యం, ఇవన్నీ పేద ఇళ్ళలోనే ఎక్కువ. ఎక్కువ ఉండవలసిన చోట తక్కువ కనిపిస్తే లెక్కను అనుమానించాలి గాని అవసరాన్ని కాదు.

ఒక విచిత్రం కూడా చెప్పాలి. ఇదే సదరం కాగితం పెన్షనుకు ఆధారం. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పెన్షను నెలకు 6,000 రూపాయలు. అందువల్ల కాగితం దొరికిన ఇంట్లో పెన్షను గురించి అందరికీ తెలుసు. అదే కాగితం బడిలో పిల్లవాడి హక్కులకూ ఆధారమని మేము కలిసిన తల్లిదండ్రులలో చాలామందికి తెలియదు. ఒక తండ్రి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బ్యాంకు పాసుపుస్తకంతో కలిపి భద్రంగా దాచాడు. దాని నకలు బడిలో ఇవ్వాలని ఎవరూ చెప్పలేదట.

ముస్లిం కుటుంబాల విషయంలో రెండు అదనపు చిక్కులున్నాయి, మన పాఠకులు వాటిని గమనించాలి. మొదటిది భాష. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడిని తెలుగులో పరీక్షిస్తే, భాష రాకపోవడం బుద్ధిమాంద్యంగా కనిపించవచ్చు, లేదా నిజమైన లోపం భాషా సమస్య కింద కొట్టుకుపోవచ్చు. నందిగామ, జగ్గయ్యపేట బస్తీల నుంచి పరీక్షకు వెళ్ళే తల్లి ఈ సంగతి ముందుగానే వైద్యునికి చెప్పాలి. రెండవది మదరసాలకు సంబంధించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించినప్పుడు మదరసాలు, వేదపాఠశాలలు ఆ చట్టం పరిధిలోకి రావని చేర్చారు. స్వేచ్ఛ కోసం అడిగి తెచ్చుకున్న మినహాయింపు అది. దాని మరో ముఖం ఏమిటంటే, ఇంటి దగ్గర ఊరకే ఉండడం కన్నా నయమని నడవలేని పిల్లవాణ్ణి మక్తబులో మాత్రమే చేర్చిన కుటుంబం బడి లెక్కల నుంచి పూర్తిగా జారిపోతుంది. ఉదయం మక్తబు, తరువాత సర్కారు బడి అనే పాత పద్ధతి ఇలాంటి పిల్లల విషయంలో మరింత అవసరం. మక్తబులోనైనా ఆ పిల్లవాడి కోసం ఒక తోడును ఏర్పాటు చేశామా అన్నది మస్జిదు కమిటీలు తమను తాము అడగవలసిన ప్రశ్న.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పక తప్పదు. పదకొండు, పన్నెండేళ్ళు వచ్చేసరికి చూపు మందగించిన అమ్మాయి, మాట సరిగా రాని అమ్మాయి, నడవలేని అమ్మాయి బడి మానేస్తుంది. కారణం అడిగితే ‘దూరం’ అంటారు. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు నిజంగానే కొందరికి దూరం పెరిగింది. ఆ ఏర్పాటును తరువాత మార్చారు. కానీ తల్లులు లోగొంతుకతో చెప్పే అసలు కారణం ఇంకొకటి. నెలసరి రోజుల్లో ఆ పిల్లకు సహాయం చేయడానికి బడిలో నమ్మదగిన స్త్రీ లేదు. మగ ఉపాధ్యాయుడు ఎంత మంచివాడైనా ఆ పని చేయలేడు, చేయకూడదు కూడా. కనుక సహాయకుల నియామకం గురించి మాట్లాడినప్పుడు సంఖ్య ఎంత అన్నదానితోపాటు, వారిలో స్త్రీలు ఎందరు, వారి పూర్వాపరాలు ఎవరు విచారించారు, వారికి శిక్షణ ఎవరిచ్చారు అన్నవి కూడా అడగాలి. ఎత్తుకోవడం తెలియనివారు ఎత్తుకుంటే ఇద్దరికీ దెబ్బే.

ఇతర దేశాల్లో ఈ పని ఎలా చేస్తున్నారని చూస్తే, ఐర్లండు ఉదాహరణ ఆలోచింపజేస్తుంది. అక్కడ ‘స్పెషల్ నీడ్స్ అసిస్టెంట్’ అనేది ఉపాధ్యాయునికి భిన్నమైన ప్రభుత్వ ఉద్యోగం. ఇరవై వేలకు పైగా మంది ఈ పనిలో ఉన్నారు. తినిపించడం, శుభ్రత, నడిపించడం, ప్రమాదాల నుంచి కాపాడడం వారి బాధ్యత. పాఠం చెప్పడం కాదు. 2014 నాటి ఉత్తర్వు దీనిని స్పష్టంగా విడదీసింది. సహాయకుణ్ణి బడికి ఇస్తారు. ఒకే పిల్లవాడికి కట్టిపడేయరు. పిల్లవాడు క్రమంగా తన పని తాను చేసుకోగలిగేలా చూడడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. ప్రత్యేక ఉపాధ్యాయుల కేటాయింపులోనైతే 2017 నుంచి ఆ దేశం ఇంకొక అడుగు వేసింది. ఒక్కొక్క పిల్లవాడి వైద్యపత్రం చూసి ఇచ్చే పద్ధతిని మాని, బడి మొత్తం పరిస్థితిని చూసి ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లల సంఖ్య, తీవ్ర అవసరాలు గలవారు, చదువు ఫలితాలు, ఆ ప్రాంతపు పేదరికం, ఇవన్నీ లెక్కలోకి తీసుకుంది. ప్రైవేటు నిపుణునికి డబ్బు కట్టగలిగిన తల్లిదండ్రుల పిల్లలే ముందు సహాయం పొందుతున్నారన్న విమర్శ ఆ మార్పుకు ఒక కారణం. చిన్నదైనా సంపన్న దేశం అది. మన రాష్ట్రంతో పోల్చి అన్ని వేలమందిని రేపే నియమించండి అనడం అమాయకత్వం. అక్కడా కేటాయింపుల మీద బడులకూ అధికారులకూ మధ్య తగాదాలు తప్పడం లేదు. అయినా ఒక సూత్రం మాత్రం ఖర్చు లేకుండా అరువు తెచ్చుకోవచ్చు: కాగితం రాకముందే, కంటితో చూసిన అవసరాన్ని లెక్కలోకి తీసుకోవడం.

నిజానికి ఈ ఆలోచన మన చరిత్రకు పరాయిది కాదు. ఉమవీ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (క్రీ.శ. 705-715) దమాస్కస్‌లో నిర్మించిన మస్జిదు గురించి అందరూ చెబుతారు. అదే ఖలీఫా గురించి తబరీ వంటి చరిత్రకారులు నమోదు చేసిన మరో సంగతిని తక్కువమంది చెబుతారు. ఆయన కుష్ఠురోగులకు భృతి ఏర్పాటు చేసి, ప్రజల ముందు చేయి చాచవద్దని చెప్పాడు. నడవలేని ప్రతి మనిషికీ ఒక సేవకుణ్ణి, చూపులేని ప్రతి మనిషికీ దారి చూపేవాణ్ణి ఇచ్చాడు. ఆ పాలకుని ఇతర పనుల మీద చరిత్రకారులకు ఫిర్యాదులు ఉన్నాయి, అవి ఉండనీయండి. పదమూడు వందల ఏళ్ళ క్రితం ఒక రాజ్యం తోడు మనిషిని రాజ్యం పక్షాన ఇవ్వవలసిన వస్తువుగా చూసిందన్నది ఇక్కడ ముఖ్యం. కర్ర ఇచ్చి సరిపెట్టలేదు.

మనలో చాలామంది జకాత్, సదఖా సొమ్ముతో చక్రాల కుర్చీ కొనిపెడతారు. ఫోటో బాగుంటుంది. వస్తువు కంటికి కనిపిస్తుంది. నెలనెలా ఒక స్త్రీకి జీతమిచ్చి, ఫలానా బడిలో ఫలానా పిల్లలకు తోడుగా ఉండమ్మా అనేవారు అరుదు. జీతానికి ఫోటో ఉండదు. ఈ ప్రాంతంలో ఎవరైనా అలా చేయదలిస్తే, బడి యాజమాన్య కమిటీ తీర్మానంతో, ప్రధానోపాధ్యాయుని అనుమతితో చేయవచ్చు. పిల్లవాడి మతం అడగనక్కరలేదు. అయితే ఒక జాగ్రత్త. దాతలు ఒక ఏడాది ఇచ్చి మరుసటి ఏడాది మానేస్తే, ఆ పిల్లవాడు మళ్ళీ నీళ్ళు మానేస్తాడు. దానం నడుస్తున్నది కదా అని ప్రభుత్వం ఆ బడిని జాబితా నుంచి తప్పించే ప్రమాదమూ ఉంది. కనుక చందాతోపాటు ప్రతి ఏడాదీ ఒక అర్జీ కూడా వెళ్ళాలి.

అర్జీ ఎక్కడి నుంచి మొదలుకావాలి? బడి నుంచే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి నిష్పత్తిలో చోటుండాలి. 2012 సవరణ వైకల్యం గల పిల్లలను కూడా ఆ వర్గంలోనే చేర్చింది. అంటే వేపచెట్టు కింద కూర్చున్న ఆ తల్లికి లోపల కమిటీ బల్ల దగ్గర కుర్చీ ఉండాలి. ఆమెను అడిగాము. కమిటీ ఉందని తెలుసు, తాను అందులో ఉండవచ్చునని తెలియదు.

కమిటీలో ఉన్నవారు, లేనివారు కూడా చేయగలిగిన పనులు కొన్నున్నాయి. మన పిల్లవాడి పేరు పక్కన యూడైస్ గడి నింపారా అని ప్రధానోపాధ్యాయుణ్ణి అడగవచ్చు. సదరం ఆలస్యమైనా భవిత కేంద్రానికి తీసుకువెళ్ళి అక్కడి రిసోర్స్ పర్సనుకు చూపించి, పిల్లవాడికి వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయించవచ్చు. ఆ ప్రణాళికలో ‘మరుగుదొడ్డికి రోజుకు ఇన్నిసార్లు సహాయం కావాలి, భోజనానికి కావాలి, రాతకు కావాలి’ అని గంటల లెక్కన రాయించడం మంచిది. ‘పిల్లవాడు బలహీనుడు’ అని రాస్తే అధికారి జాలిపడతాడు. ‘రోజుకు మూడుసార్లు ఎత్తుకోవాలి’ అని రాస్తే లెక్క వేయక తప్పదు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది కూడా ఈ కమిటీయే. అందులో ప్రహరీగోడ, ఫ్యాన్లు, రంగుల తరువాత అయినా సరే, సహాయకురాలు అనే వరుస ఒకటి ఉండాలి.

ఉన్నవారిని పంచడంలో కూడా మండలం స్థాయిలో న్యాయం చేయవచ్చునని మాకు తోచింది. రెండు మూడు దగ్గరి బడులకు కలిపి ఒక సహాయకురాలిని ఇచ్చి, సమయపట్టికను అందుకు తగినట్లు సర్దవచ్చు. ఎంతమందికి కాగితం ఉందన్నది కాకుండా, భవిత సిబ్బంది స్వయంగా వెళ్ళి చూసి ఇచ్చిన అంచనాను మొదటి కొలతగా పెట్టుకోవచ్చు. క్వారీ బస్తీలు, చేపలు పట్టేవారి వాడలు, ఎస్సీ, ఎస్టీ కాలనీలు, ముస్లిం బస్తీల బడులకు ముందు వరుస ఇవ్వవచ్చు. సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళిక ప్రతి ఏటా కింది నుంచి పైకి వెళ్ళేదే కనుక, కింద రాయనిది పైన మంజూరు కాదు.

మేము తిరిగి వచ్చే రోజున ఆ బడిలో కమిటీ సమావేశం జరిగింది. పంతులుగారు ఒక తెల్లకాగితం మీద అర్జీ రాశారు. నడవలేని పిల్లవాడు ఒకరు, చూపు మందగించిన బాలిక ఒకరు, మాట రాని పిల్లలు ఇద్దరు, ఇంకా పరీక్షకు పంపవలసినవారు ముగ్గురు. ఏడుగురి పేర్లు రాసి, ఎవరికి ఏ వేళ ఏ సహాయం కావాలో పక్కనే రాశారు. కాగితం చేతులు మారి ఆ తల్లి దగ్గరకు వచ్చింది. ఆమె సంతకం చేయడం నేర్చుకున్నదట, కొడుకు పలక మీద. నిదానంగా పేరు రాసి, కలం తిరిగి ఇస్తూ ఒక్క ప్రశ్న వేసింది.

“మిరపకోతలు మొదలయ్యేలోపు వస్తుందాండీ ఆ మనిషి?”

పంతులుగారు మండల కార్యాలయానికి రేపే వెళతానన్నారు.